ఇవానోవ్: ఒక రష్యన్ ఇంటిపేరు పుట్టుక, చరిత్ర

రష్యన్ ఇంటిపేర్లలో బాగా వ్యాప్తిలో ఉన్నవాటిలో ఇవానోవ్ ఒకటి. తండ్రి పేరును బట్టి ఏర్పడిన ఇంటిపేర్ల కోవలోది ఇది. ‘ఇవాన్ కొడుకు’ అని అర్థం. ఆడవాళ్లకైతే ఇవానోవా, ఇంటిల్లిపాదినీ కలిపి చెబితే ఇవానోవి. రష్యాతో పాటు బల్గేరియా, ఎస్తోనియా, లాత్వియా, ఉత్తర మాసిడోనియాల్లోనూ ఈ పేరు మామూలే. విప్లవం తరువాత ఫ్రాన్సు చేరిన రష్యన్లలో చాలామంది తమ పేర్ల చివర ‘ఒఫ్’ అని రాసుకునేవారు కాబట్టి అక్కడ ఇది ఇవానోఫ్ అయింది. ఇన్ని చోట్ల ఇంతమంది ఉన్నా, ఇవానోవ్‌లందరికీ మూలపురుషుడంటూ ఎవరూ లేరు. ఈ పేరు ఎన్నో ఊళ్లలో, ఎన్నోసార్లు, దేనికది విడిగా పుట్టింది. చాలాసార్లు దాన్ని పుట్టించింది ఊరి జనం కాదు, దస్తావేజు రాసే గుమాస్తా. ఈ పేరు చరిత్రలో అసలు విశేషం అదే.

మాస్కో ప్రగతి ప్రచురణాలయం, రాదుగ పుస్తకాలు చదివి పెరిగిన తెలుగు పాఠకులకు రష్యన్ పేర్ల తికమక కొత్త కాదు. ఒకే మనిషిని ఒకరు వాన్యా అంటారు, ఇంకొకరు ఇవాన్ పెత్రోవిచ్ అంటారు, పోలీసు వచ్చి ఇంకేదో అంటాడు. రష్యన్ పేరులో మూడు భాగాలుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. ఇవాన్ అనే అతని కొడుకు పేరు మధ్యలో ఇవానోవిచ్ అని, కూతురి పేరు మధ్యలో ఇవానోవ్నా అని వస్తుంది. ఇది తరం తరానికీ మారిపోతుంది. ఇవానోవ్ అనే ఇంటిపేరు మాత్రం మారదు. చూడటానికి రెండూ ఒకే బాపతులా ఉన్నా ఒకటి గౌరవవాచకం, ఇంకొకటి చిరునామా లాంటిది. ఈ రెండూ విడిపోయి ఇలా స్థిరపడటానికి నాలుగైదు శతాబ్దాలు పట్టింది.

ముందు ఇవాన్ సంగతి. హీబ్రూలో యోహానాన్, అంటే ‘దేవుడు కరుణించాడు’ అని. గ్రీకులో అది ఇయోఆన్నేస్ అయింది. 988లో కీవ్ రాజు వ్లదీమిర్ బైజాంటియం క్రైస్తవాన్ని స్వీకరించాక ఆ పేరు స్లావుల నోట పడింది. చర్చిలో ఇయోఆన్ అన్నారు, వీధిలో ఇవాన్ అన్నారు. పేరు పెట్టే పద్ధతి కూడా ఇవాన్‌లు పెరగడానికే పనికొచ్చింది. పిల్లవాడికి బాప్తిస్మం ఇచ్చే పూజారి చర్చి పంచాంగం తెరిచి, ఆ రోజుకు దగ్గరలో ఏ పునీతుడి పండుగ ఉంటే ఆ పేరు పెట్టేవాడు. పాత పంచాంగం ప్రకారం జనవరి 7న బాప్తిస్మమిచ్చు యోహాను, మార్చి 30న నిచ్చెన యోహాను, మే 8న సువార్తికుడైన యోహాను, జూన్ 24న బాప్తిస్మ యోహాను జననం, ఆగస్టు 29న అతని శిరచ్ఛేదం, సెప్టెంబరు 26న మళ్లీ సువార్తికుడు, నవంబరు 12న కరుణామూర్తి యోహాను, 13న క్రిసోస్తమ్ యోహాను, డిసెంబరు 4న డమాస్కస్ యోహాను. ఇవి పెద్ద పండుగలు మాత్రమే. చిన్నాచితకా కలిపితే ఏడాదిలో ఏ నెల పుట్టినా ఇవాన్ అయ్యే వీలుంది.

ఎవరి కొడుకువి?

ఇక ‘ఓవ్’ సంగతి. రష్యన్‌లో ఇది స్వామ్యాన్ని చెప్పే ప్రత్యయం. పరుష హల్లుతో ముగిసే పేరుకు ‘ఓవ్’, మృదువుగా ముగిసేదానికి ‘ఎవ్’, ‘ఆ’తో ముగిసేదానికి ‘ఇన్’ చేరుతుంది. అలా పీటర్ కొడుకు పెత్రోవ్, అంద్రేయ్ కొడుకు అంద్రేయెవ్, ఇల్యా కొడుకు ఇల్యిన్. మొదట్లో ఇది ఇంటిపేరు కానేకాదు. ఎవరి కొడుకువి అని అడిగితే ఇచ్చే జవాబు. ‘ఇవానోవ్ సిన్’, అంటే ఇవాన్ గారి కొడుకు. చివరి మాట రానురాను జారిపోయి విశేషణం ఒక్కటే మిగిలింది. వ్యాకరణంలో దాని గుర్తు ఇప్పటికీ ఉంది. ‘ఇవానోవ్‌తో’ అని చెప్పాల్సి వస్తే ఇంటిపేరుకు విశేషణాల విభక్తి చేరి ఇవానోవిమ్ అవుతుంది. అదే ‘ఓవ్’తో ముగిసే ఊరి పేరయితే నామవాచకాల విభక్తి చేరి ‘ఓవమ్’ అవుతుంది.

అదే స్వామ్యానికి ‘ఇచ్’ తగిలిస్తే ఇవానోవిచ్. ఆ చిన్న తోకకు ఒకప్పుడు ఉన్న విలువ అంతా ఇంతా కాదు. మాస్కో రాజ్యంలో ‘విచ్’ రాసుకునే హక్కు రాచకుటుంబానికీ పెద్ద ప్రభువులకూ ఉండేది, మిగతావాళ్లకు జారు ఇస్తేనే వచ్చేది. ఉప్పు వ్యాపారంతో లెక్కలేనంత సంపాదించిన స్త్రోగనోవ్ వర్తకులకు 1610లో జారు వసీలి షూయ్‌స్కీ ఆ గౌరవం ఇచ్చాడు. వర్తకులకది పెద్ద పదవితో సమానం. సామాన్యుడు మాత్రం ఇవాన్ పెత్రోవిచ్ కాదు, ఇవాన్ పెత్రోవ్. అంటే ఇవాళ ఇంటిపేరుగా గౌరవంగా చెప్పుకుంటున్న ‘ఓవ్’ రూపం ఆ రోజుల్లో తక్కువవాడి తండ్రి పేరు.

జారుకు అర్జీ పెట్టుకునేటప్పుడు ఆ మాత్రం కూడా ఉండేది కాదు. పదిహేడో శతాబ్దపు అర్జీల్లో ఎంత గొప్పవాడైనా తనను తాను ముద్దుపేరుతో, కించపరుచుకుంటూ రాసుకోవాలి. ఇవాన్ అయితే ‘నీ బానిస ఇవాష్కో’ అని సంతకం చేయాలి. బోయార్లకూ, అంటే పెద్ద ప్రభువులకూ, మినహాయింపు లేదు. ఈ ఆచారాన్ని పీటర్ చక్రవర్తి 1701 డిసెంబరు 30న ఒక శాసనంతో ఎత్తేశాడు. సగం పేర్లు రాయకూడదు, పూర్తి పేరు, దానితో పాటు ప్రోజ్విషే, అంటే మారుపేరో వంశనామమో రాయాలని ఆజ్ఞ. పేర్ల చరిత్ర రాసేవాళ్లు ఈ శాసనాన్ని దాటిపోలేరు. పీటర్‌కు ప్రజల ఆత్మగౌరవం మీద పట్టింపు ఎంతో గానీ, పన్ను వసూలుకూ సైన్యంలో చేర్చుకోడానికీ మనిషిని గుర్తుపట్టే పేరు కావాలన్న పట్టింపు మాత్రం గట్టిగా ఉంది.

ఇంటిపేర్లు పైనుంచి కిందికి దిగాయి. రాకుమారులు తమ జాగీర్ల పేర్లు తగిలించుకున్నారు. షూయా పట్టణం ఏలినవాళ్లు షూయ్‌స్కీలు. తరువాత బోయార్లు, సేవకు భూములు పొందిన చిన్న కులీనులు, ఆపైన వర్తకులు. చర్చి పాఠశాలల్లో చదివిన పూజారుల పిల్లలకు పండుగల పేర్లు, పువ్వుల పేర్లు పెట్టారు. రైతుల వంతు చిట్టచివర వచ్చింది. ఇవానోవ్ కథ ప్రధానంగా రైతు కథ.

పన్ను చిట్టాలో ఒక కుటుంబం

పీటర్ 1718లో తలపన్ను కోసం మగవాళ్లను లెక్కించమన్నాడు. అలా మొదలైన జనలెక్కలు 1850ల చివరి దాకా పదిసార్లు జరిగాయి. ఆ చిట్టాలను రెవిజ్‌స్కియే స్కాజ్కి అంటారు. పాత కుటుంబాల వివరాలు వెతికేవాళ్లకు ఇవే ఆధారం, ఇవే ఉచ్చు కూడా. ఒక భూస్వామి పల్లెలో ఒక గుడిసె తీసుకుందాం. మొదటి చిట్టాలో ‘ఇవాన్ పెత్రోవ్, వయసు 45; అతని కొడుకు స్తెపాన్, 20’ అని ఉంటుంది. ముప్పయ్యేళ్ల తరువాత చిట్టాలో ఇవాన్ ఉండడు. ‘స్తెపాన్ ఇవానోవ్, వయసు 50, అతని కొడుకు ఫ్యోదర్’ అని ఉంటుంది. ఆ తరువాత ‘ఫ్యోదర్ స్తెపానోవ్’. గుడిసె అదే, రక్తం అదే. పేరు చివరి ముక్క రెండుసార్లు మారింది. చూసేవాడికి పెత్రోవ్, ఇవానోవ్, స్తెపానోవ్ అని మూడు వేర్వేరు కుటుంబాలున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అందులో ఒక్క ఇంటిపేరు కూడా లేదు.

ఈ కుటుంబం చివరికి ఏ పేరుతో స్థిరపడుతుందన్నది ఆ పేరు ఎప్పుడు గడ్డకట్టిందన్న దాని మీద ఆధారపడుతుంది. స్తెపాన్‌ను సైన్యంలోకి పట్టుకుపోతే రెజిమెంటు పుస్తకంలో అతను స్తెపాన్ ఇవానోవ్. పాతికేళ్ల సేవ తరువాత బతికి బయటపడి పెళ్లి చేసుకుంటే పిల్లలు ఇవానోవ్‌లు. ఊళ్లో ఉండిపోయిన తమ్ముడి పిల్లలు ఇంకేదో అవుతారు. 1861లో అర్ధబానిసత్వం రద్దయ్యాక పల్లె విడిచి పట్నానికి పనికి పోవాలంటే వోలస్త్, అంటే కొన్ని పల్లెల పాలనా విభాగం, కచేరీలో కాగితం రాయించుకోవాలి. 1874 నుంచి అన్ని వర్గాలకూ నిర్బంధ సైనిక సేవ వచ్చింది. అక్కడ గుమాస్తా అడుగుతాడు: ఇంటిపేరేంటి? రైతు తెల్లమొహం వేస్తాడు. అప్పుడు గుమాస్తా తండ్రి పేరునో, తాత పేరునో ‘ఓవ్’ చేర్చి రాసేస్తాడు. తాత పేరు మీదుగా రావడం ఎంత మామూలంటే, ఎన్నో కుటుంబాల ఇంటిపేరు వెనక ఉన్నది పంతొమ్మిదో శతాబ్దంలో బతికిన ఏదో ఒక తాత. 1888లో రష్యన్ సెనేటు దీనికి చట్టబద్ధమైన ముగింపు పలికింది. స్థిరమైన ఇంటిపేరు కలిగి ఉండటం హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా అని తీర్పిచ్చింది. అయినా మారుమూల పల్లెల్లో పేర్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. 1932 చివర్లో సోవియట్ ప్రభుత్వం అంతర్గత పాస్‌పోర్టులు తెచ్చాక ఆ ఊగిసలాట చాలావరకు ఆగింది.

ఇక్కడొక చిక్కు ఉంది. మనిషిని పదిమందిలో గుర్తుపట్టడానికే ఇంటిపేరైతే, ప్రతి వీధిలో ఇవాన్ ఉన్న దేశంలో ఇవానోవ్ వల్ల ఉపయోగమేమిటి? ఊరివాళ్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లు పెట్టుకునే పేర్లు వేరు. ఊరికొక్కడే కమ్మరి కాబట్టి కమ్మరి కొడుకు కుజ్నెత్సోవ్. పూజారి, అంటే పోప్, కొడుకు పోపోవ్. నోట్లో నాలుక లేని శాంతమూర్తిని స్మిర్నోయ్ అన్నారు, అతని సంతతి స్మిర్నోవ్‌లు. ఇవాన్‌లోనే ఇవాన్‌ను వేరు చేయాలంటే ముద్దుపేర్లు వాడారు. వాన్యా నుంచి వానిన్, వాన్యూషా నుంచి వాన్యూషిన్, ఇవాష్కా నుంచి ఇవాష్కిన్. ఉక్రెయిన్ వైపు ఇవానెంకో, ఇవాంచెంకో. నిక్కచ్చి ఇవానోవ్ మాత్రం ఊరి నోట పుట్టే పేరు కాదు, పుస్తకంలో పుట్టే పేరు.

రష్యన్ పేర్ల శాస్త్రవేత్త వ్లదీమిర్ నికోనోవ్ చేసిన పని దీనికి బలమిస్తుంది. ఏ ప్రాంతంలో ఏ ఇంటిపేరు ఎక్కువో లెక్కగట్టి ఐరోపా రష్యాను ఆయన నాలుగు మండలాలుగా విడదీశాడు. ఎగువ వోల్గా తీరం స్మిర్నోవియా, ఉత్తరం పోపోవియా, దక్షిణ, తూర్పు భాగాలు కుజ్నెత్సోవియా. నొవ్గొరోద్, ప్స్కోవ్‌ల చుట్టూ ఉన్న వాయవ్యం ఇవానోవియా. కాస్త సరదాగా పెట్టిన పేర్లే అయినా పటం గట్టిది. వాయవ్యం నుంచి కూలికి వచ్చినవాళ్లతో నిండిన పీటర్స్‌బర్గ్‌లో ఇవానోవ్‌లే ఎక్కువ కావడం ఆ పటానికి సరిపోతుంది. ‘రష్యన్ ఇంటిపేర్లు’ గ్రంథం రాసిన బోరిస్ ఉన్‌బెగావున్ 1910 నాటి పీటర్స్‌బర్గ్ చిరునామాల పుస్తకాన్ని లెక్కవేస్తే మొదటి స్థానం ఇవానోవ్‌దే. తరువాత వసీల్యెవ్, పెత్రోవ్, ఆ వెనక స్మిర్నోవ్. దేశం మొత్తం మీద మొదటి స్థానం ఎవరిదన్న దాని మీద మాత్రం పరిశోధకులు రెండు మాటలంటారు. ఒక జాబితాలో స్మిర్నోవ్, ఇంకొక జాబితాలో ఇవానోవ్. ఎక్కడి పేర్లు లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టి ఆ తేడా.

అనాథాలయం నుంచి అకాడమీకి

తల్లిదండ్రులెవరో తెలియని పిల్లలకు కాగితం మీద తండ్రి పేరు రాయాలంటే దిక్కు బాప్తిస్మమప్పుడు నిలబడిన గాడ్‌ఫాదరే. ఆయన పేరు ఇవాన్ అయితే బిడ్డ ఇవానోవిచ్, ఇంటిపేరు కూడా ఇవానోవ్. వివాహేతర సంతానానికి తండ్రి పేరు భాగమే ఇంటిపేరు అవుతుందని 1902 చట్టం కూడా చెప్పింది. తల్లి ఇంటిపేరు కావాలంటే ఆమె, ఆమె తండ్రి ఒప్పుకోవాలి. మాస్కోలో 1760లలో కేథరిన్ రాణి కాలంలో పెద్ద అనాథాలయం పెట్టించిన ఇవాన్ ఇవానోవిచ్ బెత్‌స్కోయ్ తానే ఒక రాకుమారుడి వివాహేతర సంతానం. తండ్రి ఇవాన్ త్రుబెత్‌స్కోయ్. కొడుక్కి ఆ ఇంటిపేరు ముందు ముక్క కత్తిరించి ఇచ్చారు. గొప్పింటి బిడ్డకు కత్తిరించిన పేరు, ఎవరి బిడ్డో తెలియనివాడికి ఇవానోవ్!

ఆ అనాథాలయం నుంచే అంద్రేయ్ ఇవానోవిచ్ ఇవానోవ్ (1775–1848) పీటర్స్‌బర్గ్ కళా అకాడమీకి వెళ్లాడు, చిత్రకారుడై అక్కడే ప్రొఫెసరయ్యాడు. అతని కొడుకు అలెగ్జాండర్ (1806–1858) తండ్రిని మించినవాడు. తండ్రి పేరు మారింది కాబట్టి అతను అంద్రేయెవిచ్; ఇంటిపేరు మాత్రం ఇవానోవే. గాడ్‌ఫాదర్‌దో, ఎవరిదో అయిన ఆ ‘ఇవాన్’ అక్కడ వంశనామంగా స్థిరపడిపోయాడు. అలెగ్జాండర్ ఇటలీలో ఉండి దాదాపు ఇరవై ఏళ్లు ఒకే పెద్ద చిత్రం మీద పనిచేశాడు. ‘ప్రజలకు క్రీస్తు ప్రత్యక్షం’ అనే ఆ చిత్రం ఇప్పుడు మాస్కో త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. వెడల్పు ఏడున్నర మీటర్లు. దూరంగా వస్తున్న క్రీస్తు బొమ్మ చిన్నది. కాన్వాసు నడుమ చేతులెత్తి ఆయన్ని చూపిస్తున్న బాప్తిస్మమిచ్చు యోహాను నిలువెత్తుగా కనిపిస్తాడు. ఇవాన్‌లందరి పేరుకూ మూలమైనవాళ్లలో ఒకడు, ఒక ఇవానోవ్ బొమ్మలో కేంద్రమయ్యాడు. 1858లో ఆ చిత్రాన్ని పీటర్స్‌బర్గ్ తెచ్చిన కొద్ది వారాలకే అలెగ్జాండర్ కలరాతో పోయాడు.

ఊనిక ఎక్కడ?

ఈ చిత్రకారుడి ఇంటిపేరును రష్యన్లు ‘వా’ మీద ఊనిక పెట్టి పలుకుతారు. మామూలు ఇవానోవ్‌ను చివరి అక్షరం మీద ఊని, ఇవనోఫ్ అన్నట్టు పలుకుతారు. తెలుగులో ఈ తేడా రాయడం కుదరదు గానీ రష్యాలో అది పట్టింపున్న విషయం. పాత స్వామ్య రూపంలో ఊనిక ‘వా’ మీదే ఉండేది. మిగతా ‘ఓవ్’ పేర్ల ధోరణిలో పడి జనం నోట చివరికి జరిగింది. పాత పలుకుబడి పెద్దింటి లక్షణంగా, కొత్తది వీధి లక్షణంగా ముద్రపడ్డాయి. కవి వ్యచెస్లావ్ ఇవానోవ్ (1866–1949), చెహోవ్ 1887 నాటి నాటకం ‘ఇవానోవ్’లో నాయకుడు, ఇద్దరూ ‘వా’ ఇవానోవ్‌లే. కవి పేరే ఉన్న భాషాశాస్త్రవేత్త వ్యచెస్లావ్ వ్సెవలోదోవిచ్ ఇవానోవ్ (1929–2017) కూడా ఆ జట్టులోవాడే. తోటి భాషాశాస్త్రవేత్త తపోరోవ్‌తో కలిసి 1960లో ఆయన రష్యన్‌లో సంస్కృతం మీద చిన్న పుస్తకం రాశాడు.

ఇంతమంది ఒకే పేరువాళ్లున్నప్పుడు గుర్తులు కావాలి. జారు సైన్యంలో ఒకే ఇంటిపేరున్న అధికారులకు నంబర్లు వేసేవారు: ఇవానోవ్ 1వ, ఇవానోవ్ 2వ అని. కళాకారులు జోడు పేర్లు పెట్టుకున్నారు. గచ్చినాలో పుట్టిన సంగీత రచయిత మిహాయిల్ ఇవానోవ్ (1859–1935), అదే పేరున్న సంగీత విమర్శకుడితో పొరపాటు పడకుండా తల్లి ఇంటిపేరు ముందు చేర్చి ఇప్పొలీతోవ్-ఇవానోవ్ అయ్యాడు. విమర్శకుడు రజూమ్నిక్ ఇవానోవ్ అరుదైన తన సొంత పేరునే వెనక తగిలించుకుని ఇవానోవ్-రజూమ్నిక్ అన్నాడు. మనం ఎల్లయ్య, పుల్లయ్య అన్నట్టు రష్యన్లు ‘ఇవానోవ్, పెత్రోవ్, సీదొరోవ్’ అంటారు.

పేరు చెప్పడం ఇష్టం లేనివాడికి కూడా ఇవానే ఆసరా. సైబీరియా శిక్షా శిబిరాల నుంచి పారిపోయి దొరికినవాళ్లు ఎవరి కొడుకువంటే గుర్తులేదనేవారు. పాత నేరం బయటపడకుండా అదొక ఉపాయం. వాళ్లను ‘ఇవాన్ నెపోమ్న్యాషి’, అంటే ‘గుర్తులేని ఇవాన్’ అని రాసుకునేవారు. 1890లో సహలీన్ ద్వీపానికి వెళ్లిన చెహోవ్ ఖైదీల చిట్టాల్లో ఇలాంటి పేర్లు చూశాడు. ఒక ‘గుర్తులేని ఇవాన్’ పేరు చివర 20 ఏళ్లని, ఒక ‘దేశదిమ్మరి ఇవాన్’ పేరు చివర 35 ఏళ్లని వయసు కూడా పేరులో భాగంగా కలిసిపోయి ఉంది.

రష్యన్లు కానివాళ్ల ఇవానోవ్

వోల్గా తీరపు చువాష్ ప్రజలకు సొంత భాష, సొంత దేవతలు, సొంత పేర్లు ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో వాళ్లకు పెద్ద ఎత్తున బాప్తిస్మాలిచ్చారు. పంచాంగంలోని కొద్దిపాటి పేర్లే అందరికీ వచ్చాయి, తరువాతి తరంలో అవే ‘ఓవ్’ చేరి ఇంటిపేర్లయ్యాయి. అందుకే చువాషియాలో ఇవానోవ్, పెత్రోవ్, వసీల్యెవ్ ఇప్పటికీ అడుగడుగునా తగులుతాయి. చువాష్ భాషలో ‘నార్స్పి’ కావ్యం రాసి పాతికేళ్లు నిండకుండానే క్షయతో మరణించిన కొన్స్తాంతిన్ ఇవానోవ్ (1890–1915) వాళ్ల మహాకవి. ఆయన వంశానికి పర్ట్‌టా అనే చువాష్ పేరు వేరే ఉంది. చెబొక్సారిలోని చువాష్ నాటకశాలకు మాత్రం ఇవానోవ్ పేరే పెట్టారు.

ఎస్తోనియాలో ఇవాళ అన్నిటికంటే ఎక్కువమందికున్న ఇంటిపేరు ఇవానోవ్ అంటే వింతగా ఉంటుంది. రష్యన్లు అక్కడ అల్పసంఖ్యాకులే. అయితే ఎస్తోనియన్ ఇంటిపేర్లు చెట్లూ దీవుల పేర్ల మీద వేలాదిగా విడిపోయి ఉన్నాయి. రష్యన్లవి కొద్ది పేర్ల దగ్గరే పోగుపడ్డాయి. లాత్వియాలో మగవాళ్ల పేర్ల చివర ఆ భాష నియమం ప్రకారం ‘స్’ చేరి ఇవానోవ్స్ అవుతుంది. సంగీత రచయిత యానిస్ ఇవానోవ్స్ (1906–1983) అలాంటివాడే.

ఇవానోవ్‌స్కీని, ఇవానొవో పట్టణాన్ని దీనితో కలపకూడదు. ఇవానోవ్‌స్కీ సాధారణంగా ఇవానొవో, ఇవానొవ్కా వంటి ఊరి పేరు మీదుగా వచ్చినది. 1892లో పొగాకు తెగులు మీద పనిచేసి వైరస్‌ల అధ్యయనానికి దారివేసిన ద్మీత్రి ఇవానోవ్‌స్కీది ఆ పేరు. బట్టల మిల్లులకు పేరుపడ్డ ఇవానొవో 1932 దాకా ఇవానొవో-వజ్నెసెన్స్క్.

బల్గేరియాలో సంగతి ఇంకా వేరు. అక్కడ తండ్రి పేరు భాగానికి ‘విచ్’ ఉండదు, అదీ ‘ఓవ్’తోనే ముగుస్తుంది. పేరు మధ్యలో ఉన్న ఇవానోవ్ తండ్రిని చెబుతుంది, చివర ఉన్నది వంశాన్ని చెబుతుంది. రెండింటి రూపం ఒకటే. కాబట్టి ఇంటిపేరు తీసేస్తే తండ్రి పేరు ఇంటిపేరై కూర్చుంటుంది. బల్గేరియా మొదటి వ్యోమగామి పూర్తి పేరు గియోర్గి ఇవానోవ్ కకలోవ్. ఆ చివరి పేరు రష్యన్ చెవికి మరుగుదొడ్డి మాటలా వినిపిస్తుందని దాన్ని తీసేయించారని చెబుతారు. 1979 ఏప్రిల్ 10న నికొలాయ్ రుకవీష్నికోవ్‌తో కలిసి సోయుజ్-33లో బయలుదేరినప్పుడు లోకానికి తెలిసిన పేరు గియోర్గి ఇవానోవ్. ఇంజను చెడి సల్యూత్-6 కేంద్రంతో కలవలేకపోయినా ఇద్దరూ క్షేమంగా దిగారు.